పైన వదిలిన జాగా

జూలై 8, మంగళవారం

యోగేందర్‌కి బుద్ధి లేదు. ఉందని ఎవరైనా అంటే వాళ్లకీ లేదు.

ఇవాళ ఆఫీసులో అందరి ముందూ, "భానుప్రియ మేడం, పద్ధెనిమిది ఊర్లు అయిపోయినయ్, మీ సొంతూరు ఒక్కటే మిగిలింది. మీవోళ్లంటే భయమా ఏంది?" అని నవ్వాడు. నాకు భయమా? రేగులగూడెంలో పుట్టినదాన్ని, అక్కడి మహిళా సంఘానికి పదకొండేళ్లు రిజిస్టర్లు రాసినదాన్ని. ఆ ఊళ్లో ఎవరి పొయ్యి మీద ఏం ఉడుకుతుందో చెప్పగలను. ఇతగాడికి దిల్‌సుఖ్‌నగర్ మెట్రో మెట్లు దిగడం, ఇరానీ చాయ్ తాగడం, లాప్‌టాప్ తెరవడం తప్ప ఇంకోటి తెలియదు. ఇతను మా మండలానికి ఐదేళ్ల ఆరోగ్య ప్రణాళిక రాస్తాడు!

రాయాల్సింది ఇతనే మరి, కాంట్రాక్టు మా సోపాన్ సంస్థకి వచ్చింది. అయితే సర్కారు ఒక షరతు పెట్టింది. ప్రతి ఊళ్లో జనాన్ని కూర్చోబెట్టి అడగాలి, వాళ్లు ఏం కావాలన్నారో గ్రామసభ తీర్మానంగా రాసి సంతకాలతో ప్రణాళికకి జత చెయ్యాలి. నేను ఈ ఉద్యోగంలో చేరిందే ఆ షరతు చూసి. జ్వరమొస్తే ఏం చేస్తారు, పురుడొస్తే ఎక్కడికి పోతారు అని ఇన్నాళ్లూ మా ఊరివాళ్లని అడిగిన పాపాన ఎవరు పోయారు?

ప్రణాళిక మాత్రం అప్పుడే టేబుల్ మీద ఉంది, స్పైరల్ బైండింగ్‌తో సహా.

"ఇంకా మా ఊరిని అడగలేదు కదా సార్" అన్నాను.

"అడుగుతం గదా ఎల్లుండి" అన్నాడు.

తిరగేసి చూశాను. రేగులగూడెం, హైవే పక్కనే ఉన్న ఇంకో రెండు ఊళ్ల ఆరోగ్య సబ్‌సెంటర్లు ఎత్తేసి హైవే మీద ఒకే పెద్ద సెంటర్ అని ఉంది. స్థలం ధనరాజ్ ఊరికే ఇస్తున్నాడట. పక్క ఊరి పాత ఆసామి, ఇప్పుడు ప్లాట్ల వెంచర్ల ఆసామి. అతను ఊరికే ఎవరికైనా ఏదైనా ఇచ్చినట్టు నేను పుట్టి బుద్ధెరిగాక వినలేదు. చిత్తుప్రతే కదా, జనం వద్దంటే మారుస్తారు. మార్చకపోతే నేనున్నాను.

జూలై 10, గురువారం

పొద్దున్నే ఎల్బీనగర్ రింగురోడ్డు దగ్గర బస్సెక్కి, అబ్దుల్లాపూర్‌మెట్‌లో దిగి, అక్కడినుంచి ఆటోలో ఊరికి. ఏడున్నరకల్లా సబ్‌సెంటర్ వరండాలో చాప పరిచాను.

సభ బ్రహ్మాండంగా జరిగింది. యోగేందర్ వచ్చుంటే సిగ్గుతో చచ్చేవాడు.

యాభైనాలుగు మంది వచ్చారు. ఎక్కువ మంది ఆడవాళ్లే. ఎనిమిదిన్నరకి వాళ్లని ఫిల్మ్ స్టూడియోలో తోటపనికి తీసుకెళ్లే వ్యాన్ వస్తుంది. అది తప్పిందంటే ఆ రోజు పని పోయినట్టే. అందుకే యాదలక్ష్మి వదిన, "భానూ, ముందుగాల సంతకాలు తీస్కో. ముచ్చట తర్వాత. రాసుకునేది నువ్వు ఎన్కకు రాస్కో" అంది. వదిన ఆ ఊరి ఆశా కార్యకర్త. మా పెదనాన్న కోడలు. పద్ధెనిమిదేళ్లుగా ఆ ఊళ్లో కడుపులు, పురుళ్లు అన్నీ ఆమె చేతుల మీదుగానే.

ఇది మాకు అలవాటే. సంఘంలోనూ ఇంతే. పనులకి పోయేవాళ్లు కదా, తీర్మానం రాసేదాకా కూర్చుంటారా? పేజీ పైన పదిహేను గీతలు వదిలేసి, ఆ కింది నుంచి వరసగా సంతకాలు తీసుకోవడం, తరువాత తీరుబడిగా పైన రాసుకోవడం. పదకొండేళ్లలో ఒక్కసారి కూడా ఎవరూ ఏం రాశావని అడగలేదు. భాను రాసిందంటే సరిగ్గానే రాసి ఉంటుంది అనేవాళ్లు. సర్పంచులు దిగిపోయి ఏడాదిన్నర అయింది, వాళ్ల బదులు పెట్టిన స్పెషల్ ఆఫీసర్ ఎప్పుడొస్తాడో ఆయనకే తెలియదు. నేను కూడా లేకపోతే ఆ ఊరి మాట రాసేవాళ్లెవరు?

నలభైమూడు సంతకాలు, పదకొండు వేలిముద్రలు.

హైవే సంగతి నేనే ఎత్తాను. దాచలేదు. "సబ్‌సెంటర్ హైవే మీదికి పోతే ఎట్లుంటది?" అని అడిగాను. అందరూ ఒక్కసారే అందుకున్నారు.

"ఏడు కిలోమీటర్లు! పొద్దుగాల ఒక బస్సు, మాపటికి ఒక బస్సు. నడుమ ఎట్ల పోవాలె?"

"కడుపుతోని ఉన్నోళ్లు గా రోడ్డు దాటుతరా? లారీలు ఆగుతయా?"

అనంతమ్మ పెద్దమ్మ అందరికన్నా చివర మాట్లాడింది. "నాకు బీపీ గోలీలు ఈడ్నే ఇస్తున్నరు బిడ్డా. మా ఇంటి నుంచి పదడుగులు. గింతకంటే నాకేం ప్లాను కావాలె? కిటికీ రెక్క ఊడిపోయింది. వానకు జల్లు కొట్టి సూది మందులు పెట్టే డబ్బా తడుస్తుంది. గా రెక్క పెట్టియ్యమని రాయి" అంది.

అన్నీ నా నోట్‌బుక్‌లో రాసుకున్నాను. కిటికీతో సహా.

వదిన ఇంట్లో జొన్నరొట్టె, పచ్చిపులుసు తిని వచ్చాను. "మా ఆడబిడ్డ పెద్ద ఆఫీసర్ అయింది, ఇగ మాకేం ఫికర్" అని వేళాకోళం చేసింది. వేళాకోళమే అయినా వినడానికి బాగుంది.

జూలై 11, శుక్రవారం

యోగేందర్ చెప్పాడు, నేను పేజీ పైభాగం నింపి ఇచ్చాను. పదిహేను గీతలు సరిగ్గా సరిపోయాయి. తలనొప్పి. త్వరగా ఇంటికొచ్చి పడుకున్నాను.

జూలై 14, సోమవారం

వచ్చే నెల ఎల్బీనగర్‌లో పెద్ద సభ. పంతొమ్మిది ఊళ్ల జనం వస్తారు, జిల్లా ఆరోగ్యాధికారి మేడం వస్తారు. అక్కడ తీర్మానాలు చదివేది నేనే. ఆ తరువాత నా హోదా ప్రాజెక్ట్ ఆఫీసర్. యోగేందర్ ఇవాళ నాకు కుర్చీ చూపించి కూర్చోమన్నాడు. రెండేళ్లలో ఇదే మొదటిసారి.

దిల్‌సుఖ్‌నగర్‌లో సభ కోసం ఒక చీర కొన్నాను. ఇంటి ఓనరు కోటేశ్వరమ్మగారు మెట్ల మీదే పట్టుకుంది. "ఏంటమ్మాయ్, కవరు బరువుగా ఉంది, మొహం మాత్రం అట్టా ఏలాడేసుకున్నావేంటి?" అంది. గుంటూరు నుంచి వచ్చి ముప్పై ఏళ్లయినా ఈవిడకి పక్కవాళ్ల మొహాలు చదివే జబ్బు పోలేదు.

జూలై 23, బుధవారం

మోసం. పచ్చి మోసం.

పదిన్నరకి యాదలక్ష్మి వదిన ఫోన్ చేసింది. బుధవారం కదా, పిల్లలకి టీకాలు వేసే రోజు. తల్లులంతా పిల్లల్ని ఎత్తుకుని వస్తే సబ్‌సెంటర్‌కి తాళం. తలుపుకి కాగితం అంటించారు. 'గ్రామ ప్రజల ఏకగ్రీవ తీర్మానం మేరకు ఉపకేంద్రం సేవలు హైవే కేంద్రానికి మార్చబడినవి.' కింద మా ఊరివాళ్ల సంతకాల వరకు జిరాక్సు.

"భానూ, గీ సంతకాలు మావే గదా? మేం గిట్ల యాడ రాసినం?" అంది వదిన.

"నేను కనుక్కుంట వదినా" అన్నాను. ఫోన్ పెట్టేశాను. కోపంతోనే. యోగేందర్ ఎంత దుర్మార్గుడంటే, చదువురాని ఆడవాళ్లు నమ్మి పెట్టిన సంతకాల పైన తనకి కావాల్సింది రాయించుకున్నాడు. కంచే చేను మేసిందంటే ఇదే. నాది హాజరు తీసుకోవడం వరకే. నా నోట్‌బుక్‌లో అన్నీ ఉన్నాయి, కిటికీతో సహా.

జూలై 24, గురువారం

తలుపు తోసుకుని అతని గదిలోకి వెళ్లాను. అరిచాను. బయట కంప్యూటర్ల దగ్గర ఉన్నవాళ్లు టైపు చెయ్యడం ఆపేశారు. ఆపనీ.

"జనాన్ని అడిగి, వాళ్లు వద్దన్నదే చేస్తారా సార్? అప్పుడు అడగడం ఎందుకు? చాపలు ఎందుకు, చాయ్ బిస్కెట్లు ఎందుకు?"

"పైలట్ మేడం, పైలట్. ఆర్నెల్లు చూస్తం, బాగలేకుంటే మల్ల మారుస్తం. ఎందుకు పరేషాన్ అవుతున్నరు?" అన్నాడు, ఫోన్ చూసుకుంటూనే.

నేను ఇంకా అరిచాను. అప్పుడు తలెత్తి ఒక్క మాట అన్నాడు. అది ఇక్కడ రాయను. జవాబు లేక కాదు. రాయదగ్గ మాట కాదు.

జూలై 26, శనివారం

వదిన రెండుసార్లు ఫోన్ చేసింది. ఎత్తలేదు. మీటింగ్‌లో ఉన్నాను.

జూలై 30, బుధవారం

పైలట్ అట! హైవే కేంద్రం అంటే ఏంటనుకున్నారు? ధనరాజ్ వెంచర్ గేటు పక్కన ఒక రేకుల గది. వనస్థలిపురం చౌరస్తాలో అతని కొత్త బోర్డు చూశాను. ప్లాట్ల బొమ్మ పక్కనే ఎర్ర ప్లస్ గుర్తు, 'ప్రభుత్వ దవాఖాన వెంచర్ ముంగటనే' అని. నవ్వు మొహం, నమస్కారం.

బస్సులో నిలబడి ఆ బోర్డుని తిట్టాను, పైకే. పక్కన నిలబడ్డాయన జరిగి నిలబడ్డాడు.

ఆగస్టు 2, శనివారం

మలక్‌పేట దవాఖాన నుంచి ఇప్పుడే వచ్చాను.

అనంతమ్మ పెద్దమ్మకి గోలీలు అయిపోయి తొమ్మిది రోజులైంది. ఊళ్లో తాళం. నిన్న ఎవరిదో ట్రాక్టర్ ఎక్కి హైవే దాకా పోయింది. రోడ్డు దాటుతుంటే బండి కొట్టింది. కాలు రెండు చోట్ల విరిగింది. డెబ్భై రెండేళ్ల మనిషి, నాలుగు గోలీల కోసం.

ఆడవాళ్ల వార్డులో కిటికీ పక్క మంచం. యాదలక్ష్మి వదిన కింద కూర్చుని ఉంది. నన్ను చూసి లేవలేదు, రమ్మని కూడా అనలేదు.

పెద్దమ్మే పలకరించింది. "బస్సుల ఒచ్చినవా బిడ్డా? ఏమన్న తిన్నవా?"

"తిన్న పెద్దమ్మా. నొప్పి ఎట్లుంది?"

"నొప్పికేముంది, ఉంటది. నాకొకటి సమజ్ కాలే బిడ్డా." నా చెయ్యి పట్టుకుంది. బొటనవేలికి ఇంకా సిరా మరక ఉందేమోనని నేను ఎందుకు చూశానో నాకే తెలియదు. ఆస్పత్రి కాగితాల మీద పెట్టించినట్టున్నారు, నల్లగానే ఉంది. "తలుపు మీద కాగితంల నా ఏలిముద్ర గూడ ఉన్నదంట. దవాఖానను హైవే మీదికి తీస్కపోమ్మని నేనే అన్ననంట. నాకైతే యాదికి లేదు. ముసలిదాన్నైన, మతిమరుపు. నువ్వు ఆడ్నే ఉంటివి గదా. నేనట్ల అన్ననా బిడ్డా?"

నువ్వు అనలేదు. రెండు ముక్కలు. అంతే చెప్పాలి. చిన్నపిల్ల కూడా చెప్పగలదు.

"డాక్టర్ ఏమన్నడు పెద్దమ్మా?" అని అడిగాను. ఆటో దొరకదు అని చెప్పి వచ్చేశాను. మధ్యాహ్నం మూడింటికి మలక్‌పేటలో ఆటో దొరకదట!

వదిన నా వైపే చూస్తూ ఉంది. తిట్టి ఉంటే బాగుండేది. నాకు వదిన మీద కూడా కోపం వచ్చింది. నాది హాజరు తీసుకోవడం వరకే అని ఎన్నిసార్లు చెప్పాలి?

వదినకి నేను ఇంతవరకూ ఒక్కసారి కూడా ఆ మాట చెప్పలేదు. ఈ డైరీకే చెబుతున్నాను.

ఆగస్టు 3, ఆదివారం

రాసింది నేను.

ఇంకెవరూ చదవని పుస్తకంలో కూడా అబద్ధాలు రాసుకుంటున్నాను. ఛీ.

జూలై 24న యోగేందర్ అన్న మాట ఇది: "రాత మీదే గదా మేడం."

జూలై 11న నా నోట్‌బుక్ అతని ముందు పెట్టాను. ఒక్క పేజీ తిప్పాడు. "ఇవన్నీ పెడితే ధనరాజ్ సార్ జాగ ఎనకకు తీస్కుంటడు. జాగ లేకుంటే ప్లాన్ లేదు. ప్లాన్ లేకుంటే మనం లేం. మీకు ప్రాజెక్ట్ ఆఫీసర్ ఆర్డర్ రెడీ ఉంది, జర సోచాయించుండ్రి" అన్నాడు. ఆలోచించడానికి నాకు ఎంతసేపు పట్టింది? చాయ్ తాగినంతసేపు. అతను చెబుతుంటే నేను రాశాను. 'మా గ్రామ ప్రజలమందరమూ హైవే కేంద్రమునకు ఏకగ్రీవముగా సమ్మతి తెలుపుచున్నాము.' గుండ్రని నా చేతిరాత, సంఘంలో అందరూ మెచ్చుకునే చేతిరాత. కొట్టివేతలు కూడా లేవు. ఎవరూ నా చెయ్యి పట్టుకుని రాయించలేదు. ఎవరూ తుపాకీ పెట్టలేదు. చివరికి గీతలు సరిపోయాయని సంతోషించాను కూడా.

ఆ పదిహేను గీతలు వదిలింది నేనే. వాళ్లు పెన్ను పట్టుకునేముందే ఆ పేజీ నా చేతికి ఇచ్చేశారు, ఎందుకంటే నేను ఆ ఊరి ఆడబిడ్డని. యోగేందర్ రేగులగూడెం పోయి అడిగి ఉంటే ఒక్కరు కూడా ఖాళీ కాగితం మీద సంతకం పెట్టేవాళ్లు కాదు. అతనికి నేను అవసరమైంది అందుకే. ఆ సంగతి అతనికి తెలుసు. నాకూ తెలుసు. తెలియనట్టు రెండేళ్లు జీతం తీసుకున్నాను.

మిగతా పద్ధెనిమిది ఊళ్లవీ నేనే నింపాను. వాటిల్లో అబద్ధం లేదనుకుంటున్నాను. అయినా ఏ ఒక్క ఊరికీ చదివి వినిపించలేదు.

పెద్దమ్మకి మతిమరుపు లేదు. సంఘం మొదటి మీటింగ్‌లో ఎవరెవరు ఎక్కడ కూర్చున్నారో ఆమె ఇప్పటికీ చెబుతుంది. ఇప్పుడు తన మతి మీద తనకే అనుమానం వచ్చేలా చేశాను.

ఆగస్టు 6, బుధవారం

కోటేశ్వరమ్మగారికి చెప్పేశాను. ఎవరికో ఒకరికి చెప్పకపోతే పిచ్చెక్కేట్టు ఉంది. వంకాయలు తరుగుతూ మొత్తం వింది.

"చూడమ్మాయ్, నువ్వు చెప్పినా ముసలావిడ కాలు అతుక్కోదు. చెప్పకపోతే నీ ఉద్యోగం ఉంటది. లోకం అట్టాగే నడుస్తది" అంది.

"అయితే ఊరుకోమంటారా?"

"నేనెందుకు అంటాను? నేనేమన్నా ఆ ఊరిదాన్నా?" అని మళ్లీ వంకాయల మీద పడింది.

ఆవిడ మీద కూడా కోపమొచ్చింది. ఈ మధ్య నాకు కోపం రానిది ఎవరి మీద? ఆఫీసులో వాటర్ బాటిల్ పెట్టే మనిషి మీద కూడా అరిచాను. సభ మంగళవారం. ఒంట్లో బాగాలేదని సెలవు పెడితే యోగేందర్ ఇంకెవరితోనైనా చదివిస్తాడు. అంత సులువు.

ఆగస్టు 8, శుక్రవారం

సెలవు చీటీ రాశాను. బ్యాగులో ఉంది.

ఆగస్టు 11, సోమవారం

సెలవు చీటీ ఇంకా బ్యాగులోనే ఉంది. ఇవ్వలేదు, చించలేదు.

ఆగస్టు 12, మంగళవారం

వరసగా రాస్తాను.

ఎల్బీనగర్‌లో ఫంక్షన్ హాలు. స్టేజీ మీద 'ప్రజల చేత, ప్రజల ప్రణాళిక' అని బ్యానరు. దాని కింద పెళ్లి అలంకరణ తాలూకు పూలు ఇంకా తీయలేదు. ముందు వరసలో తెల్లచొక్కాతో ధనరాజ్. యోగేందర్ మెడలో కార్డు వేసుకుని అటూ ఇటూ తిరుగుతున్నాడు. మా ఊరి నుంచి తొమ్మిదిమంది వచ్చారు, వ్యాన్ మానుకుని, పని పోగొట్టుకుని. యాదలక్ష్మి వదిన వెనక కుర్చీల్లో కూర్చుంది. కొత్త చీర కట్టుకుని స్టేజీ మీద ఉన్న నన్ను చూసింది. ఆ చీరని అక్కడే విప్పి పారేయాలనిపించింది.

ఒక్కో ఊరిదీ చదివాను. పద్ధెనిమిది. జిల్లా ఆరోగ్యాధికారి మేడం నోట్ చేసుకుంటున్నారు. పంతొమ్మిదోది తీశాను.

'రేగులగూడెం గ్రామ ప్రజలమందరమూ...'

అక్కడ ఆగాను. మంచినీళ్లు ఇచ్చారు. తాగాను. హాల్లో అందరూ నా మొహం వైపే చూస్తున్నారు. అప్పుడు కూడా, సిగ్గులేకుండా, చదివేసి దిగిపోదామనే అనుకున్నాను. ఇంకో రెండు నిమిషాలు, అంతే. వెనక వదిన పక్కన కూర్చున్న ఒకామె లేచి నిలబడి, "గట్టిగ చదువు భానక్కా, మేమేం చెప్పినమో మేం గూడ ఇంటం" అంది. వెటకారంగా కాదు. నిజంగానే వినడానికి వచ్చింది. నేను ఏదో సరిచేస్తానని నమ్మి వచ్చింది.

కాగితం కింద పెట్టాను.

"మేడం, ఇది ఆ ఊరి మాట కాదు. వాళ్లు వద్దన్నారు. యాభైనాలుగు మందీ వద్దన్నారు. సబ్‌సెంటర్ ఉన్నచోటే ఉండాలన్నారు, కిటికీ పెట్టించమన్నారు. సంతకాలు ముందు తీసుకున్నాం, ఇది తరువాత రాశాం."

"రాశాం అంటే? ఎవరు రాశారు?" అన్నారు మేడం.

"నేనే. ఈ చేత్తోనే రాశాను. ఇందులో ఉన్నది అబద్ధమని తెలిసే రాశాను."

హాలంతా గోల. యోగేందర్ పరుగున వచ్చి మైకు లాక్కున్నాడు. "సారీ మేడం, మా స్టాఫ్‌కు హెల్త్ బాగలేదు, వారం నుంచి డిస్టర్బ్‌గ ఉన్నరు" అన్నాడు. నేను మైకు మళ్లీ లాక్కున్నాను. "నాకు జబ్బు లేదు. మలక్‌పేట దవాఖానలో అనంతమ్మ కాలికి కట్టు కట్టుకుని పడుకుంది, కావాలంటే ఆమెని చూసి రండి" అని అరిచాను. నా నోట్‌బుక్ మేడం ముందు పెట్టాను. అందులో జూలై పదో తేదీ పేజీ చూడమన్నాను.

ధనరాజ్ లేచాడు. "మంచిపనికి జాగ ఇచ్చేటోన్ని బద్నాం చేస్తరా? నాకేమన్న అక్కరనా మీ దవాఖాన?" అన్నాడు. వెనక నుంచి యాదలక్ష్మి వదిన, "అక్కర లేకుంటే నీ బోర్డు మీద ఎందుకేస్కున్నవ్ పటేలా?" అంది. హాల్లో నవ్వులు. అతను నవ్వలేదు, కూర్చోలేదు, వెళ్లిపోయాడు.

మేడం నోట్‌బుక్ మొత్తం చదివారు, నిదానంగా. తరువాత చెప్పారు: ఆ తీర్మానం చెల్లదు. ఏడు రోజుల్లో స్పెషల్ ఆఫీసర్ ముందు మళ్లీ సభ పెట్టాలి. అప్పటిదాకా నర్సు పాతచోటే కూర్చోవాలి. తీర్మానం రాసిన మనిషి ఊరి ముందుకు వచ్చి ఏం జరిగిందో చెప్పాలి.

కిందికి దిగాను. నిజం రాస్తున్నాను కదా, ఇది కూడా రాయాలి. ఆ క్షణంలో నాకు గొప్పగా అనిపించింది. వదిన వచ్చి కౌగిలించుకుంటుంది అనుకున్నాను. ఏడుస్తుందనుకున్నాను.

వదిన దగ్గరికి వచ్చింది. "పెద్దమ్మ కాలు ఇరగకపోతే చెప్తుంటివా?" అంది.

బస్సు టైమైందని అందరినీ తీసుకుని వెళ్లిపోయింది.

ఆగస్టు 13, బుధవారం

ఆఫీసు మెయిల్. రేపటినుంచి రానక్కర్లేదు.

కోటేశ్వరమ్మగారు వంకాయ కూర పట్టుకొచ్చింది. "పోన్లే అమ్మాయ్, నెల్రోజుల్నించి నీ మొహం చూళ్లేక చచ్చాను. తిను ముందు" అంది. తిన్నాను.

వదిన ప్రశ్నకి జవాబు వెతుకుతున్నాను. చెప్పేదాన్ని కాదు. చదివేసి, చప్పట్లు కొట్టించుకుని, కుర్చీలో కూర్చునేదాన్ని.

ఆగస్టు 16, శనివారం

మలక్‌పేట వెళ్లాను. పెద్దమ్మని ఊరికి పంపించేశారట. ఖాళీ మంచం చూసి వచ్చాను.

ఆగస్టు 19, మంగళవారం

సబ్‌సెంటర్ వరండాలోనే సభ. తాళం తీసి ఉంది. నర్సు లోపల కూర్చుని ఉంది. స్పెషల్ ఆఫీసర్ కుర్చీలో, మేమంతా చాప మీద. అనంతమ్మ పెద్దమ్మని నవారు మంచంతో సహా మోసుకొచ్చారు.

నన్ను లేచి చెప్పమన్నారు. చెప్పాను. దారంతా బస్సులో నేర్చుకున్న మాటలు ఒక్కటి కూడా గుర్తురాలేదు. "మీరు వద్దన్నరు, నేను సరే అన్నరని రాసిన. పెద్ద నౌకరి ఇస్తమన్నరు, దానికోసం రాసిన" అన్నాను. పెద్దమ్మ వైపు తిరిగి, "నువ్వు అనలే పెద్దమ్మా. నీకు మతిమరుపు లేదు. నేనే రాసిన" అన్నాను.

పెద్దమ్మ మంచం పట్టె పట్టుకుని నా వైపు ఒరిగింది. "గంతేనా?" అంది. "దవాఖానల అడిగిన్నాడు చెప్తే నేను గిన్ని దినాలు నా తల్కాయ పాడైందని పరేషాన్ కాకపోతుంటిని గదనే. కాలుదేముంది, అతుకుతది." మొహం పక్కకి తిప్పుకుంది.

ఇంకొకామె తిట్టింది. ఇంకొకామె తిట్టబోయి ఏడ్చింది. నన్ను భానక్కా అని పిలిచిన ఆమె ఇవాళ ఏ పేరుతోనూ పిలవలేదు. నిలబడి అన్నీ విన్నాను. నెల రోజులుగా ఎవరెవరి మీదో ఎగిరిపడ్డ నా కోపం ఎక్కడికి పోయిందో తెలియదు, వాళ్లది మాత్రం అక్కడ ఉంది, నా ఎదురుగా, న్యాయంగా.

రిజిస్టర్ తీశారు. అలవాటుగా చెయ్యి చాచాను, రాసేది నేనే కదా అన్నట్టు. యాదలక్ష్మి వదిన రిజిస్టర్ తన ఒళ్లోకి లాక్కుంది.

"నేను రాస్త" అంది.

వదిన ఏడో తరగతి. పెన్ను గట్టిగా పట్టి, ఒక్కో అక్షరం ఒత్తి రాసింది. ఒత్తులు తప్పులు, దీర్ఘాలు తప్పులు. స్పెషల్ ఆఫీసర్ రెండుసార్లు గడియారం చూసుకున్నాడు. ఒక వాక్యం రాయడం, పైకి చదవడం, అందరూ ఔనన్నాక ఇంకో వాక్యం. కిటికీ గురించి రాసేటప్పుడు ఏ వైపు కిటికీ అనే దాని మీద పెద్ద వాదన జరిగింది. ఎనిమిదిన్నరకి వ్యాన్ వచ్చి హారన్ కొట్టింది. ఒక్కరు కూడా లేవలేదు. మళ్లీ కొట్టింది. డ్రైవర్ దిగొచ్చి పిలిచాడు. "పోతే పో, ఇయ్యాల మాకు పనుంది" అని పంపేశారు.

మొత్తం రాశాక పెద్దమ్మ మొదటినుంచి చదవమంది. చదివాక ఇంకోసారి అంది. మూడోసారి కూడా విని, అప్పుడు వేలు చాచింది.

చివరి వాక్యం కిందనే, దానికి ఆనుకునే, సంతకాలు మొదలయ్యాయి. రిజిస్టర్ చాప ఈ చివర నుంచి ఆ చివరికి ఒక్కొక్కరి ఒళ్లోకి జరుగుతూ వచ్చింది. అరవై ఒక్క మంది. నేను కూడా ఆ చాప మీదే కూర్చుని ఉన్నాను, పెన్ను మూత తీసి పట్టుకుని. నా పక్కనామె పెట్టింది, నా మీదుగా చెయ్యి చాపి అవతలామెకి ఇచ్చింది.

నన్ను ఎవరూ సంతకం అడగలేదు.